అమ్మానాన్నల ఇంట్లో ముందు సరిచేయాల్సింది రాత్రి పూట నడిచే దారి

మీరు రాసింది క్లుప్తంగా మళ్ళీ చెప్పుకుని మొదలుపెడతాను. భీమవరం దగ్గర సొంత ఇల్లు. నాన్నగారికి 76, అమ్మగారికి 71. ఆయనకి బీపీ, షుగర్, ప్రొస్టేట్ మందులు, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. మీరు బెంగళూరులో, మీ చెల్లెలు డల్లాస్‌లో. పోయిన నెల నాన్నగారు రాత్రి మూడు గంటల వేళ బాత్రూమ్‌కి వెళ్తూ పడ్డారు, తలకి బొప్పి కట్టింది, తగ్గిపోయింది. మా దగ్గరికి వచ్చేయండి అంటే ఇద్దరూ ససేమిరా అంటున్నారు. ఇంట్లో ఏ కెమెరాలు, ఏ పరికరాలు పెట్టిస్తే మంచిదని అడిగారు.

నేను ఫిజియోథెరపిస్టుని. గోదావరి జిల్లాల్లో ఇళ్ళకి వెళ్ళి, తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన పెద్దవాళ్ళకి మళ్ళీ నడక నేర్పించడం నా పని. కెమెరాల సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ బొప్పి గురించి.

ఈ వయసులో తలకి దెబ్బ తగిలితే, లోపల రక్తం కొద్దికొద్దిగా ఊరుతూ రెండు మూడు వారాలు పోయాక కూడా బయటపడొచ్చు. రక్తం పలచబడటానికి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి మాత్రలు వాడేవాళ్ళకి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. నాన్నగారి మందుల్లో అలాంటివి ఉన్నాయేమో ఇవాళే కనుక్కోండి. కొత్తగా తలనొప్పి, మగత, మాట తడబడటం, నడక ఒక పక్కకి లాగడం, ఉన్నట్టుండి మతిమరుపు పెరగడం ఉన్నాయేమో అమ్మగారిని అడగండి. ‘ఈమధ్య మనిషి అదోలా ఉంటున్నారు’ అని ఆవిడ అన్నా చాలు, ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించి సీటీ స్కాన్ అవసరమేమో అడగండి. దెబ్బ పైకి మానిపోయింది కదా అని వదిలేయకండి.

ఇక ఇంటి సంగతి. నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళని ఎలా పడ్డారు అని అడిగితే ఎక్కువగా వినిపించేది ఒకటే మాట: ‘రాత్రి బాత్రూమ్‌కి లేచానమ్మా.’ అందుకే ఇల్లంతా ఒకేసారి మార్చేయాలని చూడకండి. మంచం నుంచి బాత్రూమ్ దాకా, అక్కడి నుంచి తిరిగి మంచం దాకా ఉన్న ఆ నాలుగడుగులు ముందు బాగుచేయండి. మీ దగ్గర ఉన్న డబ్బులో, ఓపికలో సగానికి పైగా అక్కడే ఖర్చు కానివ్వండి.

ఊరెళ్ళినప్పుడు ఒక రాత్రి వాళ్ళ గదిలోనే చాప వేసుకుని పడుకోండి. నాన్నగారు లేచినప్పుడు పడిపోకుండా అందేంత దూరంలో ఉండి, ఆయన అలవాటు ప్రకారం ఏం చేస్తారో చూడండి. దోమతెర పరుపు కిందకి దోపి ఉంటుంది. దాన్ని ఒక చేత్తో ఎత్తి, కాళ్ళు బయటపెట్టేటప్పుడు అంచు పాదానికి చుట్టుకుంటుంది. పంచె కుచ్చిళ్ళు జారి కాలికింద పడతాయి. చెప్పులు ఎక్కడున్నాయో కాలితో తడుముతారు. అమ్మగారికి నిద్రాభంగం అవుతుందని లైటు వేయరు. ఇవన్నీ ఫోన్లో అడిగితే ఎవరూ చెప్పరు, చూస్తేనే తెలుస్తాయి. దోమతెర మార్చేసి కిటికీలకీ తలుపుకీ జాలీ కొట్టించడం మేలు. రాత్రి పూట పంచెకి బదులు సాగే నడుముపట్టీ ఉన్న పైజమా, అదీ చీలమండ పైకి ఉండేలా కుట్టించండి.

లేవడం గురించి కాస్త వివరంగా చెప్పాలి. పడుకున్న మనిషి చటుక్కున నిలబడితే రక్తం కాళ్ళలోకి దిగి బీపీ పడిపోతుంది, కళ్ళు తిరుగుతాయి. ప్రొస్టేట్‌కి ఇచ్చే టామ్సులోసిన్, ప్రాజోసిన్ లాంటి మందులు, బీపీ మాత్రలు, నిద్రమాత్రలు దీన్ని ఇంకా పెంచుతాయి. ఇంట్లో బీపీ మెషిన్ ఉంటే ఇలా చూడండి: అయిదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబడ్డాక ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకి మరోసారి కొలవండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే ఆ కాగితం పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. మందులు మీ అంతట మీరు ఆపకండి. కానీ అన్ని స్పెషలిస్టులు రాసిన చీటీలూ ఒక్క డాక్టర్ ముందు పరిచి, ‘ఇవన్నీ కలిపి వాడుతున్నారు, రాత్రి పడిపోయారు’ అని చెప్పడం చాలా అవసరం. బీపీకో కాళ్ళ వాపుకో ఇచ్చిన మూత్రం మాత్ర సాయంత్రం వేసుకుంటుంటే పొద్దుటికి మార్చొచ్చా అని అడగండి. ఆ ఒక్క మార్పుతో రాత్రి లేచేసార్లు తగ్గిన ఇళ్ళు ఉన్నాయి. లేచాక మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని, పాదాలు పైకీ కిందకీ ఆడించి, అప్పుడు నిలబడాలి. మంచం పక్కన మూత ఉన్న యూరిన్ క్యాన్ పెట్టుకుంటే ఆ నడకే తప్పుతుంది. మొదట్లో నామోషీగా ఉంటుంది. ఈ మాట మీకంటే డాక్టర్ నోటి నుంచి వస్తే ఎక్కువగా ఒప్పుకుంటారు.

మంచం ఎత్తు కూడా చూడండి. అంచున కూర్చుంటే పాదాలు రెండూ పూర్తిగా నేలకి ఆనాలి, తుంటి మోకాలి కంటే కొద్దిగా ఎత్తులో ఉండాలి. పాతకాలం టేకు మంచాలు మరీ ఎత్తు, వాటికి కాళ్ళు కోయించొచ్చు. నవారు మంచం లోపలికి కుంగిపోతుంది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు అందులోంచి లేవలేరు.

లైటుకి పెద్ద ఖర్చు లేదు. మనిషి కదిలితే వెలిగే చిన్న ఎల్‌ఈడీ లైట్లు దొరుకుతాయి. మోకాలి ఎత్తులో ఒకటి మంచం పక్కన, ఒకటి బాత్రూమ్ గుమ్మం దగ్గర పెట్టించండి. కరెంటు పోయినా వెలగాలి కాబట్టి ఛార్జింగ్ రకమైనా తీసుకోండి, లేదా ఆ పాయింటుని ఇన్వర్టర్ లైనుకి కలిపించండి. చాలా ఇళ్ళల్లో ఇన్వర్టర్ మీద హాల్లో ఫ్యానూ టీవీ ఉంటాయి, బాత్రూమ్ లైటు మాత్రం ఉండదు. అరవై ఏళ్ళ కంటి లోపలికి చేరే వెలుతురు ఇరవై ఏళ్ళ కంటితో పోలిస్తే సుమారు మూడో వంతే. మీకు సరిపోయిన వెలుతురు వాళ్ళకి సరిపోదు. శుక్లాలు ముదిరి ఉంటే ఆ ఆపరేషన్ వాయిదా వేయకండి.

గడప తీయించేద్దామని అమ్మగారితో అనకండి, ఒప్పుకోరు. ఆ అవసరమూ లేదు. పసుపు రాసి బొట్లు పెట్టిన గడప మసక వెలుతురులోనూ కనిపిస్తుంది. కాలికి తగిలేవి పసుపు లేని గడపలు, అంటే పడకగదివీ బాత్రూమ్‌దీ. నేల రంగులోనే కలిసిపోయే ఆ గట్టు అంచుకి పసుపుపచ్చ పెయింటు వేయించండి. దాని పక్కన గోడకి నిలువుగా ఒక పట్టుకడ్డీ బిగించండి. గుమ్మం ముందు పాత చీర మడిచి వేసిన పట్టా ఉంటే తీసేసి, కింద రబ్బరు ఉన్నది వేయండి.

ఇప్పుడు బాత్రూమ్. పట్టుకడ్డీ ఎక్కడ బిగించాలో ప్లంబర్‌ని అడిగే ముందు గోడల్ని చూడండి. పెద్దవాళ్ళు ఉన్న ఇంట్లో తలుపు చట్రం మీద, స్విచ్‌బోర్డు పక్కన, కమోడ్ పక్క గోడ మీద అరచేయి మేర సున్నం నల్లబడి ఉంటుంది. రోజూ అక్కడే చెయ్యి ఆనించి లేస్తున్నారన్నమాట. కడ్డీ అక్కడ కావాలి. టైల్స్ గోడ అయితే మరక కనిపించదు కాబట్టి, నాన్నగారిని కమోడ్ మీద కూర్చుని లేవమని, చెయ్యి వెళ్ళిన చోట సుద్దముక్కతో గీత పెట్టండి. మామూలుగా అయితే నేల నుంచి 33 నుంచి 36 అంగుళాల మధ్య వస్తుంది. అమ్మగారు పొట్టి అయితే ఆవిడ గీత వేరే, రెండు కడ్డీలు పెట్టించండి.

కడ్డీ మందం అంగుళం పావు నుంచి అంగుళంన్నర ఉంటే గుప్పెట్లో బాగా ఇముడుతుంది. గోడకీ కడ్డీకీ మధ్య అంగుళంన్నర సందు చాలు. ఎక్కువైతే మోచెయ్యి అందులోకి జారి ఇరుక్కుంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలుది, గరుకు పట్టు ఉన్నది తీసుకోండి. ఇటుక గోడలోకి యాంకర్ బోల్టులతో బిగించాలి, ప్లాస్టిక్ ప్లగ్గులూ చిన్న స్క్రూలూ పనికిరావు. బిగించాక మీరు రెండు చేతులతో పట్టుకుని మీ బరువంతా వేసి లాగి చూడండి. గాలి పీల్చి గోడకి అంటుకునే కప్పుల కడ్డీలు కొనొద్దు, టైల్ కొద్దిగా తడిసినా ఊడిపోతాయి. తువ్వాలు వేసే రాడ్డుని పట్టుకుని లేచే అలవాటు ఉంటే ఆ రాడ్డు తీసేసి అక్కడే ఈ కడ్డీ పెట్టండి, తువ్వాలు దీనిమీద ఆరుతుంది.

మామూలు కమోడ్ తక్కువ ఎత్తులో ఉంటుంది. మోకాళ్ళ నొప్పులవాళ్ళకి సీటు 17 నుంచి 19 అంగుళాల ఎత్తులో ఉంటే సుఖం. పైన బిగించే రైజర్లు సర్జికల్ షాపుల్లో దొరుకుతాయి. దొడ్లో ఇంకా కింద కూర్చునే లెట్రినే వాడుతుంటే దానిమీద కమోడ్ కుర్చీ వేయొచ్చు గానీ, రాత్రికి మాత్రం ఇంట్లోదే వాడేలా చూడండి.

స్నానం పీట మీద కూర్చుని చేసే అలవాటు ఉంటే మాన్పించి, రబ్బరు బుష్‌లున్న గట్టి ప్లాస్టిక్ స్టూలు ఇవ్వండి. ఇంకో చిన్న స్టూలు మీద బకెట్ పెడితే మగ్గు కోసం వంగక్కర్లేదు. వంటింట్లో నీళ్ళు కాచి మోసుకురావడం, బకెట్లో హీటర్ రాడ్డు వేయడం రెండూ ఆపాలి. తలంటు రోజున నూనె, సబ్బు కలిసి నేల మీద పొరలా మిగులుతాయి. సాయంత్రానికి తడి ఆరినా రాత్రి నీళ్ళు పడగానే మళ్ళీ జారుతుంది. పనమ్మాయితో ఆ రోజు నేల బ్రష్‌తో రుద్దించండి. టైల్స్ నున్నగా ఉంటే మార్పించడం ఖరీదు అనుకుంటే, జారకుండా గరుకు చేసే పూతలు ఉన్నాయి, లేదంటే కన్నాలున్న రబ్బరు మ్యాట్ పరవండి.

బాత్రూమ్ తలుపు లోపలికి తెరుచుకుంటుందా, బయటికా? లోపలికి అయితే, మనిషి తలుపుకి అడ్డంగా పడితే బయటివాళ్ళు తోయలేరు. తలుపు తిప్పి బయటికి తెరుచుకునేలా బిగించడం ఒక పూట వడ్రంగి పని. లోపలి గొళ్ళెం తీసేసి, బయటి నుంచి నాణెంతో తిప్పి తెరవగలిగే లాక్ పెట్టించండి.

పడటం పూర్తిగా ఆపలేం. పడ్డాక ఎంతసేపు నేల మీద ఉన్నారన్నది ఎముక విరగడంతో సమానమైన సంగతి. గంటలు గంటలు కదలకుండా ఉంటే ఒంట్లో నీరు తగ్గి, ఆనిన చోట చర్మం పుండై, కండరాలు చితికి కిడ్నీల దాకా వెళ్తుంది. మీరు పరికరాలు అడిగారు కాబట్టి నేను మొదట కొనమనేది వెయ్యి రూపాయల లోపు వచ్చే వైర్‌లెస్ కాలింగ్ బెల్. నీళ్ళకి చెడిపోని బటన్ తీసుకుని బాత్రూమ్ గోడకి నేల నుంచి అడుగు ఎత్తులో అంటించండి. పడిపోయిన మనిషి చెయ్యి అక్కడికే అందుతుంది. గంట అమ్మగారి మంచం దగ్గర ఉండాలి. రెండో గంట పక్కింటివాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళింట్లో. ఫోన్ ఎలాగూ ఉంది కదా అంటారు. పంచె కట్టుకునేవాళ్ళకి జేబు ఉండదు, ఫోన్ టీవీ దగ్గరే ఉండిపోతుంది. పడటాన్ని గుర్తుపట్టే స్మార్ట్‌వాచీలు మంచివే, రోజూ ఛార్జింగ్ పెట్టే అలవాటు ఉన్న మనిషికైతే.

దీనికంటే పెద్ద అడ్డంకి గ్రిల్ గేటు. మన ఊళ్ళల్లో దొంగల భయంతో రాత్రి గ్రిల్‌కి లోపలి నుంచి తాళం వేసి, తాళంచెవి దిండు కింద పెట్టుకుంటారు. ఇద్దరిలో ఒకరు పడిపోయి, ఇంకొకరు కంగారులో తాళంచెవి వెతుకుతుంటే 108 వాళ్ళు గేటు బయట నిలబడి ఉంటారు. తాళంచెవి గ్రిల్ పక్కనే, బయటి నుంచి చెయ్యి అందనంత దూరంలో ఒక మేకుకి ఎప్పుడూ ఒకేచోట ఉండాలి. అన్నిటి డూప్లికేట్లు నమ్మకమైన పొరుగింట్లో ఇవ్వండి. ఫోన్ పక్కన గోడకి పెద్ద అక్షరాలతో ఒక కాగితం అంటించండి: 108, ఇంటి అడ్రస్, దగ్గర్లో ఉన్న గుడో బడో గుర్తు, జబ్బులు, వాడే మందులు, పడని మందులు, మీ నంబర్లు. కంగారులో సొంత వీధి పేరు కూడా నోట రాదు.

పడినప్పుడు ఏం చేయాలో ఇద్దరికీ ముందే నేర్పండి. రెక్క పట్టి లేపొద్దు. కాలు పొట్టిగా అయి పాదం బయటికి తిరిగి ఉంటే, గజ్జల్లో నొప్పి ఉంటే తుంటి విరిగి ఉండొచ్చు. కదల్చకుండా దుప్పటి కప్పి 108కి ఫోన్ చేయాలి. నొప్పి లేకపోతే పక్కకి ఒరిగి, మోచెయ్యి ఊతంతో మోకాళ్ళ మీదకి వచ్చి, అమ్మగారు జరిపిన గట్టి కుర్చీ పట్టుకుని, బలమైన కాలు ముందు వేసి లేవాలి. మీరున్నప్పుడు పరుపు మీద ఒకసారి సాధన చేయించండి.

కాళ్ళలో బలం లేకపోతే ఎన్ని కడ్డీలున్నా లాభం లేదు. చిన్న పరీక్ష చెబుతాను. కుర్చీలోంచి లేచి, పది అడుగుల దూరం (సుమారు మూడు మీటర్లు) మామూలుగా నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడుతుంటే పడే ప్రమాదం ఉన్నట్టే. రోజూ చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించడం చేయిస్తే తేడా వస్తుంది. అమ్మగారి మోకాళ్ళకీ ఇదే మందు, నొప్పి పెరగనంత మేర. మీ ఊరి ఫిజియోథెరపిస్టుతో ఒకసారి చూపించుకుని మొదలుపెట్టించండి. పడ్డ భయంతో నడక మానేసిన మనిషి ఇంకా త్వరగా పడతారు.

వంటింటి గురించి తక్కువే. అటక మీద జాడీలు, పెద్ద గిన్నెలు మీరున్నప్పుడే దించేసి, రోజూ వాడేవన్నీ నడుము ఎత్తు అరల్లోకి మార్చండి. స్టూలు ఎక్కే అవసరమే ఉండకూడదు. గ్యాస్ రబ్బరు ట్యూబు మీద తేదీ చూసి గడువు దాటితే మార్పించండి. రాత్రి రెగ్యులేటర్ కట్టేయాలి. వయసుతో వాసన తెలియడం తగ్గుతుంది కాబట్టి ఇది ముఖ్యం. వాసన వస్తే స్విచ్‌లు ముట్టుకోకుండా తలుపులు తెరిచి, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయాలి. గీజర్, మోటారు ఉన్న లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి, ఎర్తింగ్ కూడా. దానిమీద టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కితే కరెంటు టక్కున ఆగాలి.

బయట దొడ్లో నాపరాళ్ళకి వానాకాలం పాచి పడుతుంది. బ్లీచింగ్ పౌడర్ చల్లి రుద్దించండి. కళ్ళాపి పనమ్మాయి చల్లుతుంది, అది కాస్త ఇంకాక అమ్మగారు ముగ్గు వేసుకుంటారు. ఆ సరదా ఆపొద్దు.

కెమెరా గేటు దగ్గర, హాల్లో ఒకటి చాలు, అదీ వాళ్ళిద్దరూ సరే అంటేనే. పడకగదిలో వద్దు. దానికంటే రోజూ పొద్దున ఏడున్నరకి మీరో మీ చెల్లెలో ఫోన్ చేయడం, ఎత్తకపోతే పది నిమిషాల్లో పొరుగింటికి చేయడం ఎక్కువ పనిచేస్తుంది. ఫోన్లో పోలీసులమని, డిజిటల్ అరెస్ట్ అని బెదిరించేవాళ్ళ గురించి కూడా చెప్పి ఉంచండి. చట్టంలో అలాంటి అరెస్టే లేదు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఇద్దరూ 70 దాటారు కాబట్టి ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డుకి అర్హులు, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం. కార్డు ముందే తీసి ఉంచండి. పెద్దవాళ్ళ కోసం 14567 హెల్ప్‌లైన్ కూడా ఉంది.

ఒప్పించడం ఎలా అంటే, ‘మీకు వయసైపోయింది’ అనే మాటతో మొదలుపెట్టకండి. ‘అమ్మ మోకాళ్ళకి కష్టంగా ఉంది, కడ్డీ బిగించేటప్పుడు మీరు దగ్గరుండి చూసుకోండి నాన్నా’ అనండి. పని తన చేతుల మీదుగా జరిగితే అది ఆయన పెట్టించిన కడ్డీ అవుతుంది, వాడతారు. వాళ్ళు గుడికెళ్ళినప్పుడు సామాన్లు జరిపేసి కొత్తగా అమర్చడం లాంటివి చేయకండి. కళ్ళు మూసుకుని నడిచే అలవాటైన ఇంట్లో కుర్చీ చోటు మారినా తగిలి పడతారు. కాదన్నవి వదిలేయండి, వచ్చేసారి మళ్ళీ అడగొచ్చు. రాత్రి లైటు, కడ్డీ, గొళ్ళెం, గ్రిల్ తాళంచెవి, ఈ నాలుగింటి దగ్గర మాత్రం పట్టుబట్టండి.

మొదటిసారి వెళ్ళినప్పుడే కొలటేపు తీసుకెళ్ళండి. మంచం ఎత్తు, కమోడ్ సీటు ఎత్తు, బాత్రూమ్ గట్టు ఎత్తు, తలుపు వెడల్పు రాసి, నాలుగు గోడల ఫోటోలు పంపితే కడ్డీ ఏ గోడకి, నిలువుగానా అడ్డంగానా అన్నది చెబుతాను. ఆ గోడ ఇటుకదా, నాలుగున్నర అంగుళాలదా తొమ్మిది అంగుళాలదా అని నాన్నగారిని అడగండి, ఇల్లు కట్టించినవారు కాబట్టి ఆయనకి తెలిసి ఉంటుంది.